పిలువని పేరంటము: పాప్-అప్ కిటికీల చరిత్ర

ఒక విద్యార్థి టాబ్లెట్ మీద గ్రహణములను గురించి చదువుతున్నాడనుకొందాము. ఉన్నట్టుండి తెర మధ్య ఒక పలక లేచి, "మీ యంత్రమునకు వైరస్ సోకినది, వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి" అని హెచ్చరిస్తుంది. "సరే" అని నొక్కితే పోయినట్లే పోయి మరల వస్తుంది. బ్రౌజరును మూసి తెరచినా అదే పలక ఎదురుగా నిలిచి ఉంటుంది. బెదరిన వారు ఆ నంబరుకు ఫోను చేస్తారు; అవతలివాడు అడిగిన డబ్బు పంపుతారు. పిలువని పేరంటమునకు వచ్చిన ఈ అతిథినే పాప్-అప్ అంటారు.

ఇది యంత్రమునకు పట్టిన జబ్బు కాదు. మనము చదివే పుటకు మన యంత్రము మీద ఎంత అధికారము ఉండవచ్చును అనే ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది. ఆ ప్రశ్నకు ముప్పది యేండ్ల చరిత్ర ఉన్నది. అది తెలిస్తే భయము సగము పోతుంది. ఈ అతిథి మొండితనము ఎక్కడిదో కూడ తెలుస్తుంది.

పుటకు చేతులు వచ్చినవి

జెనీవా సమీపమున ఉన్న సెర్న్ పరిశోధనాలయములో టిమ్ బెర్నర్స్-లీ 1989లో వెబ్‌ను ప్రతిపాదించినాడు. 1991లో అది బయటి ప్రపంచమునకు అందినది. ఆనాటి వెబ్ పుట అచ్చు కాగితము వంటిది. దానిని చదువవచ్చును, అందులోని లంకె పట్టుకొని మరొక పుటకు పోవచ్చును. అంతకు మించి అది ఏమీ చేయలేదు. 1994 అక్టోబరులో హాట్‌వైర్డ్ అనే వెబ్ పత్రికలో ప్రకటనల పట్టీలు కనిపించినవి. అవి కూడ వార్తాపత్రికలోని ప్రకటనల వలె తమ చోటనే ఉండేవి.

1995 మే నెలలో నెట్‌స్కేప్ కంపెనీలో బ్రెండన్ ఐక్ పది రోజులలో ఒక చిన్న భాషకు రూపము ఇచ్చినాడు. అదియే తరువాత జావాస్క్రిప్ట్ అయినది. దీనితో పుటకు చేతులు వచ్చినట్లయినది. పాఠకుడు నింపిన పత్రములో తప్పు ఉంటే అక్కడికక్కడే చెప్పడము వంటి పనులు ఈ భాష చేసిపెట్టేది. ఇందులోని ఆజ్ఞలలో రెండు మన కథకు ముఖ్యము. ఒకటి కొత్త కిటికీని తెరుస్తుంది. రెండవది ఒక సందేశమును చూపి, పాఠకుడు జవాబు చెప్పే వరకు పుట పనిని నిలిపివేస్తుంది. రెండును ఉపయోగకరములే. అయితే వీటిని ఎన్నిమార్లు, ఎవరి అనుమతితో వాడవచ్చునో చెప్పే కట్టుబాటు ఆనాడు లేదు.

ప్రకటనకు వేరు కిటికీ

ట్రైపాడ్ అనే సంస్థ సామాన్యులు తమ సొంత పుటలను పెట్టుకొనుటకు ఉచితముగా చోటు ఇచ్చేది. ఖర్చులు ప్రకటనల వలన రావాలి. ఒకసారి ఒక కార్ల కంపెనీ ప్రకటన సభ్యత లేని ఒక పుట మీద కనిపించినది. కంపెనీవారు అభ్యంతరము చెప్పినారు. అప్పుడు అక్కడ పనిచేస్తున్న ఈథన్ జుకర్‌మన్ ఒక ఉపాయము చేసినాడు: ప్రకటన పుట మీద కాక, దాని పక్కన వేరు కిటికీలో తెరచుకొంటుంది. అప్పుడు ఆ పుటకు, ప్రకటనకు సంబంధము ఉన్నట్లు కనిపించదు. ఆయన 2014లో అట్లాంటిక్ పత్రికలో ఈ సంగతి వివరించి, అందుకు క్షమాపణ కూడ చెప్పుకొన్నాడు.

ఉద్దేశము మంచిదైనను ఫలితము చేయి దాటిపోయినది. ఒక కిటికీ పది అయినది. పుట వెనుక దాగి, పుట మూసిన తరువాత బయటపడే కిటికీలు వచ్చినవి. ఒకటి మూస్తే రెండు తెరచుకొని, పాఠకుని బయటికి పోనీయని పద్ధతికి ఎలుకబోను అనే పేరు వచ్చినది. ప్రసిద్ధ చిరునామాలను కొద్దిగా తప్పు వ్రాసినవారిని ఇట్టి బోనులో పడవేస్తున్న ఒక వ్యక్తిపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో న్యాయస్థానమునకు పోయినది.

గడియ పడినది

చట్టము కన్న విస్తృతముగా పనిచేసినది బ్రౌజరులోని మార్పు. ఒపేరా, మొజిల్లా వంటి బ్రౌజరులు ముందు నడిచినవి. 2004 ఆగస్టులో విండోస్ ఎక్స్‌పి రెండవ సర్వీస్ ప్యాక్‌తో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరుకు కూడ ఈ గడియ వచ్చినది.

మంచి కిటికీ ఏదో, చెడ్డ కిటికీ ఏదో యంత్రము ఎట్లు గుర్తిస్తుంది? లోపల వ్రాసినది చదివి నిర్ణయించుట కష్టము. అందుచేత నిర్మాతలు వేరొక ప్రశ్న వేసినారు: ఈ కిటికీ పాఠకుడు ఏదైనా నొక్కినందువలన తెరచుకొన్నదా, లేక పుట తనంతట తాను తెరచినదా? నొక్కిన వెంటనే వచ్చినదైతే పోనిస్తారు, లేకపోతే ఆపుతారు. విషయమును విడిచి కారణమును పరీక్షించే ఈ సూత్రమే నేటికిని ఆధారముగా ఉన్నది.

దానిలో సందులు లేకపోలేదు. "పాట వినుము" అని వ్రాసిన బొమ్మను నొక్కించి, ఆ నొక్కును ప్రకటనకు వాడుకొనవచ్చును. పుట లోపలనే పొరగా గీసిన పలక కొత్త కిటికీ కాదు గనుక గడియకు చిక్కదు. పైన చెప్పిన రెండవ ఆజ్ఞ, అనగా జవాబు కొరకు నిలిపివేసే సందేశము, ఆ గడియ పరిధిలోనికి రాదు.

టాబ్లెట్ మీద మొండితనము

2010 ఏప్రిల్‌లో ఐపాడ్ అమ్మకానికి వచ్చినది. దానిలో అప్పుడు ఒక పుట తెర అంతటిని ఆక్రమించేది. అప్పటి సఫారీ బ్రౌజరులో సందేశపు పలక లేచినదంటే ఆ పుట మాత్రమే కాక బ్రౌజరు అంతయు నిలిచిపోయేది. జవాబు రాగానే మరల అదే సందేశము చూపమని ఒక చక్రము వ్రాస్తే, పాఠకునికి పుటను మూసే సందు కూడ దొరకదు. బ్రౌజరును ఆపి తెరచినా లాభము లేదు. చివర చూసిన పుటను గుర్తుంచుకొని మరల తెచ్చుట దాని సుగుణము. ఆ సుగుణమే ఇక్కడ శత్రువు.

దీనినే కొందరు మోసగాండ్రు వాడుకొన్నారు. ఆపిల్ యంత్రములను ఇట్లు నిలిపివేసి, విడిపించుటకు ఐట్యూన్స్ బహుమతి కార్డుల రూపములో డబ్బు అడుగుతున్నారని లుకౌట్ అనే రక్షణ సంస్థ 2017లో బయటపెట్టినది. బ్రౌజరు చరిత్రను, నిల్వను తుడిచివేస్తే చాలు, డబ్బు చెల్లించకయే బయటపడవచ్చునని కూడ తెలిపినది. 2017 మార్చి 27న వచ్చిన ఐఓఎస్ 10.3లో ఆపిల్ ఈ లోపమును సవరించినది: సందేశము ఇకమీదట తన పుటనే ఆపగలదు, బ్రౌజరు మొత్తమును కాదు.

ఒక తలుపు మూసితే మరొక తలుపు వెదకబడుతుంది. 2015లో క్రోమ్ బ్రౌజరు, పుట మూసిన తరువాత కూడ సమాచారము పంపే సౌకర్యమును ఇచ్చినది. ఒకసారి "అనుమతించు" నొక్కితే కొన్ని పుటలు దానిని ప్రకటనలకు, బెదిరింపులకు వాడుకొన్నవి. 2020లో క్రోమ్ ఆ అనుమతి ప్రశ్నను అణకువగా అడిగే పద్ధతి ప్రవేశపెట్టినది.

మనము చేయదగినది

వెబ్ పుట మన టాబ్లెట్‌లోని ఫైళ్లను వెదకి వైరస్ ఉన్నదని చెప్పలేదు. బ్రౌజరు దానిని ఒక పెట్టెలో ఉంచినట్లు కట్టడి చేస్తుంది. బ్రౌజరు ఏది, యంత్రము ఏ జాతిది, చిరునామాను బట్టి ఊరు సుమారుగా ఏది అనేవి మాత్రము పుటకు తెలియవచ్చును. వీటినే పలక మీద వ్రాసి, అన్నియు తెలిసినట్లు నటిస్తుంది.

అందుచేత పలకలోని మీటలను గాని, నంబరును గాని ముట్టరాదు. వీలైతే ఆ పుటను మూయాలి. కాకపోతే బ్రౌజరును పూర్తిగా ఆపాలి. అప్పటికిని తిరిగి వస్తే, ఐపాడ్‌లో సెట్టింగులకు పోయి సఫారీ చరిత్రను, వెబ్‌సైట్ల సమాచారమును తుడవాలి. ఆండ్రాయిడ్‌లో సెట్టింగుల నుండి బ్రౌజరును బలవంతముగా ఆపి, అవసరమైతే దాని నిల్వను తుడవాలి. వేరొక చోట దాచుకోని గుర్తుపుటలు దానితో పోవచ్చును. సైట్లలో మరల లాగిన్ కావలసి ఉంటుంది గాని, ఫొటోలకు నష్టము లేదు. సందేశములు పంపే అనుమతి ఏ సైటుకు ఇచ్చినామో చూసి, అక్కరలేనిది తీసివేయాలి. డబ్బు పోయినట్లయితే ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయాలి.

ఉపాధ్యాయులు ఈ చరిత్రనుండి తరగతికి ఒక ప్రశ్న తీసుకొనిపోవచ్చును. తెర మీద హెచ్చరిక లేచినప్పుడు, అందులో వ్రాసినది నమ్ముటకు ముందు, "దీనిని తెరచినది ఎవరు, నేనా, పుటయా?" అని విద్యార్థి అడగాలి. బ్రౌజరు నిర్మాతలు తమ గడియను కట్టినది ఈ ప్రశ్న మీదనే.