సైఖల్: కారు మెరుపు జమాఖర్చులు

ఉర్దూలో సైఖల్ అని ఒక మాట ఉంది. అరబ్బీ నుంచి వచ్చింది. కత్తికో, లోహపు అద్దానికో మెరుగు పెట్టడాన్ని సైఖల్ అంటారు. ఆ పని చేసేవాడు సైఖల్‌గర్. జనం నోట్లో నలిగి సికిలీగర్ అయ్యాడు, అదే ఒక బిరాదరీ పేరు కూడా అయింది. తెలుగులో మనం "మెరుగు పెట్టడం" అంటాం. ఈ మాటలో చిన్న ధోఖా ఉంది. ఏదో పెడుతున్నట్టు వినిపిస్తుంది గానీ అక్కడ జరిగేది తీయడం. గీతల కన్నా ఎత్తుగా ఉన్నదంతా అరగదీస్తే మిగిలే నునుపే మెరుపు. కత్తి మందంగా ఉంటుంది కాబట్టి సైఖల్‌గర్ ఎంత తీశాడో ఎవరూ హిసాబు అడగరు. కారు పెయింటు దగ్గర మాత్రం ఆ హిసాబు అడగాల్సి వచ్చింది. ఆ సంగతి మా ఇంట్లో ఒక మనిషి ఇజ్జత్‌తో ముడిపడి ఉంది.

మా మామూ విజయవాడ ఆటోనగర్‌లో కార్ల పెయింటర్. అంబాసిడర్లకు, పద్మినీలకు రంగు వేసి, రబ్బింగ్ కాంపౌండ్‌తో రుద్ది అద్దంలా చేసేవాడు. ఊలు ప్యాడ్ బిగించిన బఫింగ్ మిషన్ ఆయన చేతిలో పూలదండలా తిరిగేది. నేను సెకండ్ హ్యాండ్‌లో నీలం మెటాలిక్ కారు కొన్నప్పుడు, ఇంట్లో నికాహ్ ఉందని దాన్ని ఆయనే పాలిష్ చేశాడు. బానెట్ అంచు దగ్గర ప్యాడ్ ఒక్కసారిగా నీలమైంది. అరచేయి వెడల్పున మెరుపు పోయి బూడిద పూసినట్టు మచ్చ మిగిలింది. "ముసలాయన చేయి తప్పింది" అన్నారు అందరూ. మామూ జేబులోంచి ఖర్చు పెట్టుకుని బానెట్ మొత్తం మళ్ళీ పెయింట్ చేయించి ఇచ్చాడు. ఆ తర్వాత మిషన్ ముట్టుకోలేదు.

ఆయన చేయి తప్పలేదు. తప్పు ఎక్కడుందో తెలియాలంటే కారు పెయింటు తారీఖ్ చూడాలి.

మొదట్లో కార్లకు రంగు వేసింది గుర్రపు బగ్గీల కారీగర్లే. నూనె వార్నిష్‌ను కుంచెతో పూత మీద పూత వేసేవారు. ప్రతి పూతా ఆరాలి, ప్యూమిస్ రాతిపొడితో నీళ్ళు పోసి రుద్దాలి, మళ్ళీ పూయాలి. ఒక కారుకు వారాలు పట్టేది. ఫోర్డ్ మోడల్ టీ 1914 నుంచి 1925 దాకా నలుపు రంగులోనే వచ్చింది. ఆ రోజుల్లో రంగులకు సబర్ కావాలి, సబర్‌కు డబ్బు కావాలి.

1923లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ, జనరల్ మోటార్స్ కలిసి డ్యూకో అనే లాకర్‌ను తెచ్చాయి. ముందుగా ఓక్లండ్ కార్లకు నీలం రంగులో వేశారు. పాత సినిమా రీళ్ళకు వాడిన నైట్రోసెల్యులోజే దీనికీ మూలం. గన్‌తో కొడితే గంటల్లో ఆరుతుంది. మన వడ్రంగులు నేటికీ అల్మారాకు "డ్యూకో పెయింట్" అంటారే, ఆ పేరు అక్కడిదే. మన గ్యారేజీల్లో ఎన్‌సీ పెయింట్ అనేదీ ఇదే ఖాందాన్.

డ్యూకోకు ఒక ఐబు ఉంది. అది ఆరాక మెరవదు, రుద్దితేనే మెరుస్తుంది. మెరిశాక కూడా ఎండకు పైపొర సున్నంలా తెల్లబడుతుంది. మళ్ళీ రుద్దాలి. ఇక్కడి నుంచి పాలిష్ ఒక పెద్ద వ్యాపారమైంది. షికాగోలో 1910లోనే మొదలైన సైమనైజ్ పేరు ఎంత పాకిందంటే, "సైమనైజ్ చేయడం" ఇంగ్లీషు నిఘంటువులో క్రియ అయింది. వాళ్ళు రెండు డబ్బాలు అమ్మేవారు: ఒకటి మురికిని, చచ్చిన పైపొరను తీసే క్లీనర్, రెండోది మైనం. కార్ల మైనాల్లో పేరుమోసిన కార్నౌబా బ్రెజిల్ ఈశాన్యంలో పెరిగే తాటిజాతి చెట్టు ఆకుల మీద పొడిలా పేరుకుంటుంది. 80 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు.

ఆ రెండు డబ్బాల్లోనే అసలు సంగతి ఉంది. మొదటిది ఖర్చు, రెండోది పహారా. జమ మాత్రం ఏ డబ్బాలోనూ లేదు. జమ పెయింటర్ గన్‌లో ఉంటుంది.

పాత పెయింటులో రంగు పైనుంచి కిందదాకా ఒకటే. రుద్దితే గుడ్డకు కారు రంగు అంటుతుంది. మామూ ఉస్తాద్ ఆయనకు నేర్పింది అదే: గుడ్డను చూడు. రంగు వస్తోందంటే చచ్చిన పొర పోతోంది, పని జరుగుతోంది. ఎక్కువ పోయినా ఫికర్ లేదు, మళ్ళీ నాలుగు పూతలు కొడితే సరి.

1980ల నుంచి లోకమంతటా తరీఖా మారింది. కింద పలచని రంగు పొర, దాని మీద రంగులేని క్లియర్ కోటు. మెరుపంతా ఆ క్లియర్‌దే, ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేదీ అదే. దాని మందం సాధారణంగా 40, 50 మైక్రాన్లు. మనిషి వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు. అంచుల దగ్గర పెయింటు జారిపోయి ఇంకా పలచగా ఉంటుంది. పైగా మిషన్ ఒత్తిడి, వేడి అంచు మీదే పడతాయి. క్లియర్‌ను రుద్దితే గుడ్డకు ఏ రంగూ రాదు. రంగు కనిపించిందంటే క్లియర్ అప్పటికే పోయింది.

మామూకు జరిగింది ఇదే. నలభై ఏళ్ళు "పని జరుగుతోంది" అని చెప్పిన గుడ్డ, ఆ రోజు అదే రంగుతో "పని పాడైంది" అని చెప్పింది. ఇషారా పాతదే, మానే మారింది. ఆ ఖబర్ ఆయనకు ఎవరూ అందించలేదు.

మిషన్లూ మారాయి. పాత రోటరీ ఒకే ఇరుసు మీద గిరగిరా తిరుగుతుంది, ఒకచోట నిలిస్తే కాల్చేస్తుంది. ఇప్పుడు వస్తున్న డ్యూయల్ యాక్షన్ మిషన్లలో ప్యాడ్ 8, 15, 21 మిల్లీమీటర్ల వ్యాసమున్న చిన్న వలయంలో ఊగుతూ తిరుగుతుంది. గట్టిగా నొక్కితే తిరగడం ఆగిపోతుంది. చేతికి తెలియనిది మిషనే చెబుతుంది. మైనం స్థానంలో కృత్రిమ పాలిమర్ల సీలెంట్ వచ్చింది. మైనం వారాలు నిలిస్తే ఇది నెలలు నిలుస్తుంది. అయినా ఇది పహారాదారే. గీతలు తీయదు, పోయిన క్లియర్‌ను తిరిగి తేదు.

మామూ ఇంతెఖాల్ అయ్యాడు. ఈ హిసాబు ఆయనకు చెప్పలేకపోయాను. ఆయన షాగిర్దులు కొందరు ఇంకా ఆటోనగర్‌లో ఉన్నారు. వాళ్ళ కోసమైనా రాస్తున్నాను.

మిషన్ పట్టేముందు, కనిపించని మూలలో తెల్లగుడ్డకు కొంచెం పాలిష్ రాసి రుద్దండి. రంగు అంటితే అది పాత పెయింటు. అంటకపోతే పైన క్లియర్ ఉంది. నీడలో, బానెట్ చల్లగా ఉన్నప్పుడు పని చేయండి. అంచులకు టేపు వేయండి. ముందు మెత్తని ఫోమ్ ప్యాడ్, సన్న పాలిష్‌తో రెండడుగుల చోట చూసుకోండి, చాలకపోతేనే గరుకు దానికి వెళ్ళండి. పాలిష్ నూనెను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి, లేకపోతే సీలెంట్ పట్టదు. సీలెంట్‌ను నాలుగు చుక్కలతో, మిషన్ నిదానంగా తిప్పుతూ, పలచగా పూయండి. మసకబారాక మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి. ఆ తర్వాత మిషన్‌ను ఎంత అరుదుగా తీస్తే అంత కిఫాయత్.