ఆపకూడని యంత్రం

కంప్యూటర్ని రాత్రింబవళ్లు ఆగకుండా నడపాలన్న తంటా వెబ్ కంటే చాలా పాతది. 1946లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం లోకానికి చూపించిన ఎనియాక్‌లో దాదాపు 18,000 వాక్యూమ్ ట్యూబులు ఉండేవి. బరువు సుమారు 30 టన్నులు, కరెంటు వాడకం 150 కిలోవాట్లు. ట్యూబులు ఎక్కువగా మాడిపోయేది నడిచేటప్పుడు కాదు, ఆపి మళ్లీ వేడెక్కించేటప్పుడు. అందుకని వీలైనంతవరకు దాన్ని ఆపేవారే కాదు. వేడిని బయటికి తోలడానికి పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతుండేవి. తర్వాత వచ్చిన మెయిన్‌ఫ్రేమ్ గదుల్లో పలకల నేలను ఎత్తుగా పరిచి, దాని కింద కేబుళ్లు, చల్లగాలి పంపేవారు.

వెబ్ మాత్రం ఈ హంగులేవీ లేకుండా పుట్టింది. 1990 చివర్లో సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ తన నెక్స్ట్ కంప్యూటర్నే తొలి వెబ్ సర్వర్‌గా నడిపాడు. దాని మీద ఓ కాగితం అంటించి, ఇది సర్వర్, ఆపొద్దని ఎర్ర సిరాతో చేత్తో రాశారు. ఎవరో పొరపాటున స్విచ్ నొక్కితే ప్రపంచంలోని ఏకైక వెబ్‌సైట్ మాయమయ్యేది మరి.

ఆ కాగితం చేసిన పనికి 1990ల చివరికల్లా భవనాలే లేచాయి. సైట్ల యజమానులు తమ సర్వర్లను అద్దె ర్యాకుల్లో పెట్టుకోవడం మొదలైంది. 1998లో మొదలైన ఈక్వినిక్స్ ఈ వ్యాపారంలోనే పెరిగింది. కేబుళ్లు ముందే చేరిన చోటుకే సర్వర్లూ చేరాయి. న్యూయార్క్‌లో అలాంటి చోటైన 60 హడ్సన్ స్ట్రీట్ భవనం అసలు వెస్టర్న్ యూనియన్ టెలిగ్రాఫ్ కంపెనీ కోసం కట్టింది.

ఇలాంటి చోట్ల కరెంటు పోగానే భారం యూపీఎస్ బ్యాటరీల మీద పడుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ చేసే పనే, కాకపోతే రెప్పపాటు కూడా తేడా రాకూడదు. ఈలోగా డీజిల్ జనరేటర్లు అందుకుంటాయి. ఇలాంటి ఏర్పాట్లను బట్టి అప్‌టైమ్ ఇన్‌స్టిట్యూట్ డేటా సెంటర్లను నాలుగు శ్రేణులుగా విడదీసింది. నాలుగో శ్రేణి అంటే 99.995 శాతం సమయం నడుస్తుందని చెప్పుకునేవారు. అంటే ఏడాది మొత్తంలో ఆగేది 26 నిమిషాలే.

కాగితం మీది లెక్కను వరద పట్టించుకోదు. 2012 అక్టోబరులో శాండీ తుపానుకు దిగువ మన్‌హట్టన్ మునిగింది. 75 బ్రాడ్ స్ట్రీట్ భవనంలోని ఓ డేటా సెంటర్ జనరేటర్ పై అంతస్తులోనే భద్రంగా ఉంది, డీజిల్ పైకి తోడే పంపులు మాత్రం సెల్లార్‌లో నీళ్లపాలయ్యాయి. డేటా సెంటర్ సిబ్బంది, ఖాతాదారు కంపెనీల ఉద్యోగులు కలిసి బకెట్లతో డీజిల్‌ను 17 అంతస్తులు మోశారు.

గూగుల్ ఎంచుకున్న దారి వేరు. 1999లో అది ఒక్కో ట్రేలో నాలుగేసి చవక మదర్‌బోర్డులు పరిచి, కింద షార్ట్ కాకుండా కార్క్ అట్ట వేసింది. చూడ్డానికి నాటుగానే ఉన్నా, ఆలోచన గట్టిది. యంత్రం ఎలాగూ చెడుతుంది, కాబట్టి డేటా నకళ్లు పలు యంత్రాల్లో ఉంచి, సాఫ్ట్‌వేరే సర్దుకోవాలి. నకళ్లు ఎక్కడ ఉంచాలన్నదీ ముఖ్యమేనని 2021 మార్చిలో తేలింది. స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ వారి అయిదంతస్తుల డేటా సెంటర్ కాలిపోయినప్పుడు, బ్యాకప్ కూడా అక్కడే పెట్టుకున్న కొందరికి ఏదీ మిగల్లేదు.

అందుకే క్లౌడ్ కంపెనీలు ఒకే ఊరి పరిధిలోనూ డేటా సెంటర్లను దూరదూరంగా విడదీసి కడతాయి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో తెరిచిన రీజియన్‌లో ఇలా విడదీసిన భాగాలు, అంటే జోన్లు, మూడు. ఒక్కోదానికి కరెంటు, కూలింగ్ విడివిడిగా ఉంటాయి. ఒకచోటి మంట రెండోచోటికి అంటనంత దూరం, నకలు మిల్లీసెకన్లలో చేరేంత దగ్గర.