సుఖరోగశబ్దవిచారము

క్రీస్తుశకము 1494వ సంవత్సరమున ఫ్రాన్సు రాజగు ఎనిమిదవ ఛార్లెసు నేపిల్సు రాజ్యమును గోరి ఇటలీపై దండెత్తెను. మఱుసటి యేఁట నా సైన్యమునందొక ఘోరమగు వ్రణరోగము పొడసూపి, సైనికులు స్వదేశములకు మరలఁగా యూరపుఖండమెల్ల వ్యాపించెను. ఇటలీవారు దానిని ఫ్రెంచిరోగ మనిరి. ఫ్రెంచివారు నేపిల్సురోగ మనిరి. రష్యావారు పోలండువారికిని, దురుష్కులు క్రైస్తవులకును దాని నంటఁగట్టిరి. తమదని యొప్పుకొనుటకుఁ బ్రతిజాతియు సిగ్గుపడినది.

మనదేశమునఁ బదునాఱవ శతాబ్దివాఁడగు భావమిశ్రుఁడు భావప్రకాశమున దీనిని ఫిరంగరోగ మని వర్ణించెను. ఫ్రాంకుశబ్దమే పారసీకాదుల నోటఁబడి ఫిరంగమైనది. ఇతఁడును రోగమును బరదేశమునకే చెప్పెఁగాని, యాగంతుజమని నిర్ణయించి, బాహ్యాభ్యంతరభేదములు చూపి, చికిత్స నుపదేశించెను. 1530లో ఇటలీ వైద్యుఁడు ఫ్రకస్తోరో రచించిన లాటిను కావ్యమున సిఫిలసను గొల్లవాఁడు సూర్యుని ధిక్కరించి యీ రోగమును శిక్షగాఁ బొందును. అతని పేరే సిఫిలిసని శాస్త్రమున నిలిచినది. ఇట్లు దేశనిందకుఁ బాపనింద తోడయ్యెను.

తెలుఁగున దీనిని, నిట్టివే మఱికొన్నింటిని సుఖరోగము లనుట వాడుక. సుఖమువలనఁ గలిగిన రోగమని విగ్రహము. ఈ సమాసమునఁ జికిత్సకుఁ బూర్వమే నేరము చెప్పఁబడినది. లక్షణముగాఁ గొన్నను నిది యవ్యాప్తిదోషదుష్టము. భర్తవలన రోగము సోఁకిన యిల్లాలికిని, దల్లిగర్భముననే సోఁకిన శిశువునకును సుఖమెక్కడిది?

శబ్దగతమగు నీ నింద రోగి మనస్సునఁ జేరి రెండవ రోగమగును. ఇంటివారెఱుఁగుదురను భయము, ఆత్మదూషణము, వైద్యుని మొగము చూడ సంకోచము వానిని మూఁగవానిఁ జేయును. సిఫిలిసునందలి తొలివ్రణము సాధారణముగా నొప్పి లేక, కొన్నివారములకుఁ దానే మానును. దాఁచినవాఁడు బ్రతికితి ననుకొనును. రోగము మాత్రము లోపల నడఁగియుండి, యేండ్లు గడచిన పిదప హృదయమును మెదడును జెఱుపవచ్చును. ఇట్లు లజ్జయు వ్యాధియు నొండొంటికిఁ దోడ్పడుచున్నవి.

1905లో షౌడిను, హాఫ్మను అను జర్మను శాస్త్రజ్ఞులు రోగకారణమగు సూక్ష్మజీవిని గనిపెట్టిరి. 1943లోఁ బెనిసిలినుచే నిది కుదురునని తేలినది. గర్భిణికి సకాలమునఁ జికిత్స జరిగినచో శిశువును గాపాడవచ్చును. అయినను సిగ్గుచే వైద్యశాలకుఁ బోని వానికి మందున్నను లేనట్లే.

కావున నిఘంటుకర్తలును బాఠశాలాపండితులును నిందు యోగరూఢి భేదమును గమనింపవలయును. సిఫిలిసు శబ్దమున గొల్లవాని కథ మఱుఁగుపడి రూఢిమాత్రము మిగిలినది. సుఖరోగశబ్దమున యోగార్థ మిప్పటికిని వినఁబడుచునే యున్నది. అన్యదేశ్యమైనను మొదటిదే గ్రాహ్యము. సాధుశబ్ద మనఁగా వ్యాకరణమునకు సరిపడుటయేకాదు, వినువానిని గాయపఱుపకుండుటయు.