ముందు పిల్లల్ని పట్టు

మిన్నెసోటాలో జనవరి అంటే పసిపిల్లలున్న ఇంటికి పరీక్షాకాలం. పార్కులో ఉయ్యాలలు మంచులో సగం మునిగి ఉంటాయి. నాలుగేళ్ల పిల్లకి స్నోప్యాంటు, బూట్లు, గ్లవ్స్, టోపీ అన్నీ తొడిగి జిప్పు లాగేసరికి ‘అమ్మా, బాత్రూమ్’ అంటుంది. అందుకే శనివారం వస్తే ఇక్కడి తెలుగు కుటుంబాలు బ్లూమింగ్టన్‌లోని మాల్ ఆఫ్ అమెరికాకి బండి తిప్పుతాయి. కొనాల్సిందేమీ ఉండదు. స్ట్రోలర్ కింది బుట్టలో పెరుగన్నం డబ్బా, పక్కన చిన్న డబ్బాలో ఆవకాయ. పిల్లలు అలిసి నిద్రపోయేదాకా తిరిగి ఇంటికి రావడమే. దుబాయ్‌లో ఉండే మనవాళ్లు ఇదే పని ఆగస్టులో చేస్తారు, ఎండకి. పైసా ఖర్చు లేకుండా మాల్‌ని వాడేసుకున్నామని మురిసిపోతాం గానీ, ఆ లెక్క మనకంటే ముందే వేసినవాళ్లున్నారు.

మొదట వేసింది పారిస్‌లో. 1852లో బాన్ మార్షే దుకాణంలో భాగస్వామిగా చేరిన అరిస్టీడ్ బూసికో దాన్ని మహా దుకాణంగా పెంచాడు. బేరాల్లేవు, ధర చీటీ మీదే ఉంటుంది. కొనకపోయినా లోపలికొచ్చి తిరగొచ్చు. పిల్లలొస్తే చేతిలో రంగుల బొమ్మకార్డు పెట్టేవారు. అవి వరస కార్డులు. తర్వాతిది కావాలంటే మళ్లీ రావాలి, అమ్మ చెయ్యి పట్టుకునే రావాలి. ఎమీల్ జోలా ఇలాంటి దుకాణాలు తిరిగి, వివరాలు రాసుకుని, 1883లో ‘ఓ బొనెర్ దే దామ్’ నవల వేశాడు. అందులో యజమాని మురే ఎర్ర బుడగలు పంచుతాడు. బుడగ మీద పెద్దక్షరాల్లో దుకాణం పేరు. పిల్లాడు దారం పట్టుకుని వీధిన పోతుంటే ప్రచారం ఉచితం. సింగారం మీద మోజులేని ఆడవాళ్లని కూడా బిడ్డ ద్వారా పట్టొచ్చన్నది అతని ఎత్తు. ఇవాళ మాల్‌లో పిల్లల పేరుతో జరిగే ప్రతిదాని వెనకా నాకు మురేనే కనిపిస్తాడు.

అయితే ఇప్పుడు మనం చూసే మాల్, అంటే కారు దిగి లోపలికెళ్తే కాలమేదో తెలియని మాల్, పుట్టింది మా పక్క ఊళ్లోనే. మినియాపోలిస్ శివారు ఈడైనాలో 1956 అక్టోబరు 8న సౌత్‌డేల్ తెరుచుకుంది. గీసింది విక్టర్ గ్రూయెన్. 1903లో వియన్నాలో పుట్టిన యూదు ఆర్కిటెక్టు, 1938లో హిట్లర్ ఆస్ట్రియాని మింగేశాక అమెరికా పారిపోయి వచ్చినవాడు. కారు దిగకుండా బతికే శివారు కాలనీలంటే ఆయనకి గిట్టలేదు. జనం నడిచి, కూర్చుని, నలుగురితో మాట్లాడుకునే వియన్నా నడిబొడ్డు లాంటి చోటు ఇక్కడా ఉండాలన్నాడు. మినియాపోలిస్ దుకాణదారులైన డేటన్ కుటుంబం డబ్బు పెట్టింది. 72 దుకాణాలు, బయటికి గోడలే, అందమంతా లోపల. వీధిలో మంచైనా ఎండైనా లోపల 24 డిగ్రీలు. నడిమి ఆవరణలో చేపల కొలను, 21 అడుగుల పక్షుల పంజరం. ఆ పంజరం ముందు పిల్లలు ఎంతసేపైనా నిలబడేవారు, ఆ వెనకే అమ్మకి దుకాణాలు.

గ్రూయెన్ కాగితం మీద మాల్ చుట్టూ ఇళ్లు, బడి, ఆసుపత్రి, పార్కు కూడా ఉన్నాయి. ఆ ఊరు ఆయన అనుకున్నట్టు లేవలేదు. మాల్ లేచింది, దాని చుట్టూ కార్లు నిలిచాయి. పైగా 1954లో అమెరికా ప్రభుత్వం వ్యాపార భవనాల తరుగుదలని మొదటి ఏళ్లలోనే ఎక్కువగా రాసుకోనిచ్చింది. పన్ను మిగులుతుందంటే డబ్బున్నవాళ్లు ఊరుకుంటారా, ఊరూరి శివార్లలోనూ మాల్ కట్టారు. గ్రూయెన్ విసిగి వియన్నా వెళ్లిపోయి, వీటికి నన్ను తండ్రి అనొద్దని తెంచుకున్నాడు. 1976లో వియన్నా శివార్లలో కూడా ఓ పెద్ద మాల్ వచ్చింది. ఆయన మీద జాలి ఉంది గానీ, ఫిబ్రవరిలో మాత్రం ఆయన కట్టింది తప్పని నా నోట రాదు.

మాల్‌లో పసివాళ్లని తిప్పే పని తేలికచేసింది ఓ బ్రిటిష్ తాత. స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం చక్రాల చట్రం మీద పనిచేసిన ఓవెన్ మక్లారెన్, మనవరాలి బరువైన బండి చూసి, గొడుగులా ముడుచుకునే అల్యూమినియం స్ట్రోలర్ తయారుచేసి 1965లో పేటెంటుకి దరఖాస్తు పెట్టాడు. బరువు మూడు కిలోల లోపే. విజిటర్ వీసా మీద వచ్చిన మన అమ్మమ్మలు ఒంటిచేత్తో ముడిచి డిక్కీలో పడేసేది దాని సంతతినే.

పిల్లల్ని మాల్ నడిమధ్యకి తెచ్చి కూర్చోబెట్టినవాళ్లు ఘెర్మెజియన్ సోదరులు. ఇరాన్ నుంచి కెనడా వచ్చిన కుటుంబం. ఎడ్మంటన్‌లో 1981లో మొదలెట్టిన మాల్‌లోనే వినోదాల పార్కు పెట్టారు. తర్వాత బ్లూమింగ్టన్‌లో, కూల్చేసిన మెట్రోపాలిటన్ స్టేడియం స్థలంలో, 1992 ఆగస్టు 11న మాల్ ఆఫ్ అమెరికా తెరిచారు. మధ్యలో ఏడెకరాల క్యాంప్ స్నూపీ వినోదాల పార్కు. కార్టూన్ కుక్క స్నూపీని గీసిన చార్లెస్ షుల్జ్ మిన్నెసోటావాడే. ఇప్పుడా పార్కు పేరు నికలోడియన్ యూనివర్స్. తిరనాళ్లలో రంగులరాట్నంలా రోలర్ కోస్టర్ నడుమనే ఉంటుంది, ఏ అంతస్తు రెయిలింగ్ దగ్గర నిలబడ్డా పిల్లల కళ్లు దాని మీదే. టికెట్ కొననని మొండికేసిన తండ్రి రెండో చుట్టుకి మెత్తబడతాడు. తమాషా ఏమిటంటే, ఇంత చలి ఊళ్లో ఆ మాల్ నడవాలకి సెంట్రల్ హీటింగ్ లేదు. పైకప్పు అద్దాల్లోంచి ఎండ, దీపాలు, మనుషుల ఒంటి వేడి, అంతే. మనం కొనకుండా తిరిగినా కొంత వేడి ఇచ్చే వస్తున్నామన్నమాట. మిన్నెసోటాలో బట్టల మీద సేల్స్ టాక్స్ లేదు కనుక, ఇండియా ప్రయాణం దగ్గరపడితే ఆ కొనకపోవడం కూడా అబద్ధమే.

పిల్లలు తప్పిపోతారన్న భయం కూడా మాల్‌లో పెరిగిందే. 1981 జూలైలో ఫ్లోరిడాలోని హాలీవుడ్ పట్టణంలో, ఓ మాల్ దుకాణంలో వీడియోగేమ్ దగ్గర నిలబడిన ఆరేళ్ల ఆడమ్ వాల్ష్‌ని ఎవరో ఎత్తుకుపోయి చంపేశారు. ఆ పిల్లాడి పేరునే 1994లో వాల్‌మార్ట్ ‘కోడ్ ఆడమ్’ పెట్టింది. బిడ్డ కనబడలేదని చెప్పగానే మైకులో ఆనవాళ్లు చెప్పి, తలుపుల దగ్గర మనుషుల్ని నిలిపి, పది నిమిషాల్లో దొరక్కపోతే పోలీసుల్ని పిలుస్తారు.

ఇంత కష్టపడి రప్పించిన పిల్లలు పెద్దయితే మాల్‌కే తలనొప్పి. పోట్లాటలు ఎక్కువై, 1996లో మాల్ ఆఫ్ అమెరికా శుక్ర, శనివారాల్లో సాయంత్రం ఆరు దాటాక పదహారేళ్ల లోపువాళ్లు పెద్దతోడు లేకుండా రాకూడదంది. వేళలు మారాయి గానీ నియమం పోలేదు. మావాడికిప్పుడు పద్నాలుగు. నాతో కనబడటం వాడికి నామోషీ, నేను లేకపోతే గార్డు ఆపుతాడు. ఒక పెద్దమనిషి వెంట పదిమంది దాకా రావచ్చు కనుక మేం తండ్రులం వంతులు వేసుకున్నాం. ఈ శుక్రవారం నా వంతు. తలుపు దాటేదాకా పక్కనే నడవాలట, దాటాక ఇరవై అడుగులు వెనకుండాలట.