గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదు

ఒక పాత కారు నన్ను నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. కర్నూలులో పాత బండ్లు కొని అమ్మే మిత్రుడొకడు ఫోను చేసి, "ఒకసారి వచ్చి చూసిపోప్పా, కొనకపోయినా ఏం కాదులే" అన్నాడు. ఆ మాట వెనుక ఉన్న వల నాకు తెలియనిది కాదు. అయినా వెళ్ళాను.

రెండే సీట్లు, రెండే తలుపులు, నేలను అంటీ అంటనట్టున్న ఎర్రని దేహం. జర్మనీలో పుట్టి, ఢిల్లీలో పెరిగి, ముగ్గురు యజమానుల చేతులు మారి మా ఊరికి చేరిన స్పోర్ట్స్ కారు. వయసు పన్నెండేళ్ళు. మీటరు మీద 1,38,000 కిలోమీటర్లు. కొత్తలో దాని ధర వినడానికే నా వంటివాడు జంకాలి. ఇప్పుడు అడుగుతున్నది తొమ్మిది లక్షలు. ఇంటి మీద రెండు గదులు వేయాలని పదేళ్ళుగా కూడబెట్టిన సొమ్ము కూడా ఇంచుమించు అంతే. బేరం నాకూ కారుకూ మధ్య కాదు, కారుకూ ఆ రెండు గదులకూ మధ్య జరుగుతున్నదన్నమాట.

మా మేనమామను వెంటబెట్టుకుపోయాను. ఆయనకు కార్ల సంగతి తెలియదు. కోవెలకుంట్ల దగ్గరి పల్లెలో నలభై ఏళ్ళు బండలాగుడు ఎద్దులను మేపిన మనిషి. బానెట్ ఎత్తమనలేదు, ఇంజను పలికించమనలేదు. చుట్టూ ఒకసారి తిరిగివచ్చి, "ఎంత తిరిగిందని అడుగుతాండావు గానీ, ఎవురు తిప్పినారని అడగల్ల కదరా అల్లుడా" అన్నాడు. మరికాసేపటికి, "దీనికి జబ్బు జేస్తే యాడికి తోలకపోతావు?" అని రెండో ప్రశ్న వేశాడు. మిత్రుడు మొదటిదానికి నవ్వాడు, రెండోదానికి టీ తెప్పించాడు.

ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేస్తే ఈ రెండు ప్రశ్నలూ కొత్తవి కావని తెలిసింది. వేగంగా పోయే ప్రాణిని కొనడమెలాగన్నది మన నేల మీద ఐదారు వందల ఏళ్ళుగా నలుగుతున్న విషయమే. దానికోసం రాజ్యాలే ఖజానాలు కుమ్మరించాయి.

*

ముందు ఎద్దుల సంగతి చెప్పాలి, మామ కొలమానం అదే గనుక. ఎమ్మిగనూరు సంతలో ఎద్దు వయసు అడిగితే ఎవరూ ఏళ్ళలో చెప్పరు, పళ్ళలో చెబుతారు. పశువుకు ముందుపళ్ళు కింది దవడకే ఉంటాయి. పాలపళ్ళు ఊడి రెండేళ్ళు దాటాక మొదటి జత, ఆపైన ఇంచుమించు ఏడాదికొక జత చొప్పున ఎనిమిది గట్టిపళ్ళు వస్తాయి. అందుకే బండలాగుడు పోటీల్లోనూ పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు, ఆరు పళ్ళు అనే విభాగాలు, ఆ పైన సీనియర్ విభాగం. ఎనిమిదీ వచ్చాక లెక్క ఆగిపోతుంది. అప్పటినుంచి చూడవలసింది పళ్ళ సంఖ్య కాదు, అరుగుదల. అరుగుదల ఏళ్ళను బట్టి మాత్రమే రాదు, మేతను బట్టీ వస్తుంది.

గుర్రానికీ ఇదే శాస్త్రం. కింది దవడ ముందుపళ్ళ పైభాగంలో నల్లని గుంటలుంటాయి. సుమారు ఆరేళ్ళ నుంచి ఎనిమిదేళ్ళ లోపల అవి ఒక్కొక్క జతగా అరిగి మాయమవుతాయి. వ్యాపారి ఊరుకుంటాడా? ఇంగ్లండులో గుర్రపు దళారులు ముసలి గుర్రం పళ్ళలో ఉలితో గుంటలు తొలిచి, కాల్చిన ఇనుముతో నల్లబరచి, పడుచు గుర్రమని అమ్మేవారు. ఆ మోసానికి 'బిషపింగ్' అని పేరే ఉండేది. నేడు మీటరులోని అంకెను వెనక్కి తిప్పే చేతివాటం దానికి వారసుడే. పట్టుకునే ఉపాయమూ పాతదే, ఒక సాక్షిని మరొక సాక్షితో పోల్చడం. మీటరు నలభై వేలంటుంటే బ్రేకు పెడలు రబ్బరు అరిగి నున్నబడి ఉంటే, రెంటిలో ఒకటి అబద్ధమాడుతున్నది. రబ్బరుకు అబద్ధం రాదు.

దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచకూడదన్నారు. డబ్బు పోసి కొనేదానికి ఎంచాలన్నది ఆ సామెతలోనే దాగి ఉన్న రెండో సగం.

*

ఇక విజయనగరం గుర్రాల కథకు వద్దాం. దక్షిణాపథపు వేడి, తేమ, మేత మేలుజాతి గుర్రాల పెంపకానికి పొసగలేదు. కనుక అవి సముద్రం దాటి రావలసిందే. శ్రీనాథుని హరవిలాసం అంకితం పుచ్చుకున్న అవచి తిప్పయ్య శెట్టి దిగుమతుల్లో హురుముంజి గుర్రాలు కనిపిస్తాయి. హురుముంజి అంటే పారసీక సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్. కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలోని రాజనీతి పద్యాల్లో, ఏనుగులనూ మేలి గుర్రాలనూ తెచ్చే దూరదేశపు వర్తకులను ఆదరించి, లాభం చూపి నిలుపుకోవాలనీ, అప్పుడే అవి శత్రువు చేతికి చిక్కవనీ చెబుతాడు. కవిత్వంలో విదేశీ వ్యాపార విధానం రాసిన రాజు మరొకడున్నాడో లేడో!

పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ 1530ల నాటి తన వృత్తాంతంలో, విజయనగర రాజు ఏటా 13,000 హోర్ముజ్ గుర్రాలను, వాటితో పాటు నాటు గుర్రాలనూ కొనేవాడని రాశాడు. అంకెలో అతిశయం ఉంటే ఉండవచ్చు. ఆ మాట కంటె నన్ను నిలిపివేసింది అంతకు ముందరి సాళువ నరసింహుని గురించి అతడు రాసినది. ఆ రాజు గుర్రాలను చచ్చినవీ బ్రతికినవీ అని చూడకుండా, వెయ్యి పర్దావులకు మూడు చొప్పున కొన్నాడట. పర్దావు అంటే మన వరహాకు పోర్చుగీసువారి పేరు. ఓడలో చచ్చిన గుర్రానికి తోక ఒక్కటి తెచ్చి చూపితే చాలు, బ్రతికినదానితో సమానంగా సొమ్ము ముట్టేది.

ఏనుగు చచ్చినా వెయ్యే, బ్రతికినా వెయ్యే అనుకుని ఈ కథను చూసి నవ్వుకోవచ్చు. కాని నరసింహుడు వెర్రివాడు కాడు. సముద్రంలో నష్టం వర్తకుని నెత్తిన పడితే మరుసటేడు ఓడ రాదు. తోకకు పెట్టిన ఖరీదు నిజానికి రాబోయే గుర్రానికి పెట్టిన ఖరీదు. రాజ్యానికి ఆ లెక్క చెల్లుతుంది. ఒక్క గుర్రం కొనుక్కునే మనిషికి చెల్లదు. వాడి చేతిలో మిగిలేది తోకే.

ఆ ఒక్క గుర్రం కొనే మనిషి కూడా న్యూనిజ్ రాతలో ఉన్నాడు. విజయనగర రాజు కొన్నవాటిలో శ్రేష్ఠమైనవి తన లాయానికి ఏరుకుని, మిగిలినవి నాయకులకు ఇచ్చేవాడట. ఊరికే కాదు. నాటు గుర్రాలను వెయ్యి పర్దావులకు ఐదు చొప్పున కట్టబెట్టి, సెప్టెంబరు లోపల సొమ్ము రాబట్టేవాడు. ఆ బేరంలో రాజుకు మంచి లాభం. సీమలో గండికోట పెమ్మసానివారి వంటి అమరనాయకుల బ్రతుకు ఈ కట్టుబాటు కిందిదే. ఏలుకోవడానికి ఇచ్చిన సీమకు బదులుగా నిర్ణీత సంఖ్యలో గుర్రాలనూ కాల్బలాన్నీ పోషించి, పిలిచినప్పుడు యుద్ధానికి నడిపించాలి. ఒకరు ఏరుకోగా మిగిలినదాన్ని రొక్కమిచ్చి కొని, దాని మేత బాధ్యత తలకెత్తుకున్నవాడన్నమాట నాయకుడు. పెన్నా లోయ అంచున ఆ కోటలో నేటికీ నిలిచి ఉన్న ధాన్యాగారాన్ని చూసినప్పుడల్లా మనుషుల తిండే గుర్తుకు వచ్చేది. ఇప్పుడు గుర్రాల దాణా కూడా గుర్తుకు వస్తున్నది. వానలు ముఖం చాటేసిన ఏటా గుర్రం ఉలవలు అడగడం మానదు కదా!

*

రెండో ప్రశ్నకు జవాబు మార్కో పోలో దగ్గర దొరికింది. 13వ శతాబ్దం చివర అతడు పాండ్యుల మాబారు తీరాన్ని చూశాడు. అక్కడ ఏలుతున్న ఐదుగురు సోదరులలో ఒక్కొక్కడు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలను కొంటాడనీ, ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవనీ రాశాడు. కారణం గుర్రాలలో లోపం కాదంటాడు. పోషణ తెలియదు, నాడాలు కొట్టి వైద్యం చేసేవారు లేరు. ఎందుకు లేరంటే, గుర్రాలు తెచ్చే వర్తకులు అటువంటి పనివారిని వెంట తీసుకురారు, వేరెవరినీ రానివ్వరు. గుర్రాలు బ్రతికితే మరుసటేడు బేరం తగ్గుతుంది!

బాటసారి మాటలను యథాతథంగా నమ్మనక్కరలేదు. కాని అతడు పట్టుకున్న సూత్రం చూడండి. అమ్మేవాడి అసలు లాభం సరుకులో లేదు, సరుకును బాగుచేసే విద్యను తన గుప్పిట్లో ఉంచుకోవడంలో ఉంది. నేడు ఒక విడిభాగం కోసం, ఒక కంప్యూటరు తాళపుచెవి కోసం కంపెనీ గుమ్మం దగ్గర నిలబడినవారికి ఈ వాక్యం వివరించనక్కరలేదు.

తెలుగువాళ్ళు ఆ విద్యను కొంత తమది చేసుకోవాలని చూశారు. విజయనగర కాలంలోనే మనుమంచిభట్టు హయలక్షణవిలాసమని గుర్రాల మీద తెలుగులో పద్యాల్లో గ్రంథం రాశాడు. సంస్కృతంలో శాలిహోత్రుని పేర సాగిన అశ్వశాస్త్రాన్ని మన భాషలో చెప్పుకోవలసిన అవసరం ఆనాడు కలిగిందంటే, కొనుగోలు అంత పెద్దదీ, మోసపోయే అవకాశమూ అంత పెద్దదీ అన్నమాట.

*

ఈ చదువంతా అయ్యాక మళ్ళీ కారు దగ్గరికి పోయాను. ఈసారి కళ్ళతో కాక చేతులతో చూశాను. రాత్రంతా చల్లారిన ఇంజనును నా ముందే పలికించమన్నాను. నీలిపొగ రాలేదు. అంటే నూనె కాల్చడం లేదు, మెచ్చుకోవలసిందే. టైరు పక్కన ముద్రించే నాలుగంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి. నాలుగు టైర్లూ నాలుగు సంవత్సరాలవి. కంప్యూటరు తగిలించి చూస్తే గేరుబాక్సు జ్ఞాపకంలోని కిలోమీటర్లూ మీటరులోవీ సరిపోయాయి. మీటరు నిజాయితీపరురాలే!

కాని సర్వీసు పుస్తకం 61,000 దగ్గర ఆగిపోయింది. ఆ తరువాతి డెబ్బై ఏడు వేల కిలోమీటర్లు ఎవరు తిప్పారో, ఏ నూనె పోశారో చెప్పే కాగితం ఒక్కటీ లేదు. మామ మొదటి ప్రశ్న అక్కడ నిలబడింది.

రెండో ప్రశ్న ఇంకా సూటిగా తగిలింది. ఆ కారు తెలిసిన మెకానిక్ కర్నూలులో లేడు, కడపలో లేడు. హైదరాబాదు 200 కిలోమీటర్ల పైమాట. నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడప పోయే దారిలో అది నిలిచిపోతే లారీ మీద ఎక్కించి తీసుకుపోవాలి. ఢిల్లీ బండి కనుక అక్కడి నుంచి ఫారం 28 మీద నిరభ్యంతర పత్రం రావాలి, పేరు మార్పుకు 29, 30 ఫారాలు నింపాలి, ఇక్కడ జీవిత పన్ను మళ్ళీ కట్టాలి. మూడేళ్ళలో రిజిస్ట్రేషను పదిహేనేళ్ళ గడువు ముగిసి, పరీక్షకు నిలబెట్టి పొడిగించుకోవలసిన రోజు వస్తుంది. టైర్లు, క్లచ్చి, సస్పెన్షను కలిపి హైదరాబాదు మెకానిక్ ఫోనులో చెప్పిన అంకె విన్నాక, కారు ధరకు అది మూడో వంతు అని లెక్కవేసుకున్నాను.

ధర కారు వయసును బట్టి పడిపోతుంది, దాణా పడిపోదు. జర్మనీ గుర్రం తొమ్మిది లక్షలకు వచ్చినా, దాని దాణా దాని కొత్త ధరకు తగ్గట్టే ఉంటుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని పెద్దలు అన్నది దీన్నే.

కొనలేదు. ఇది ఎక్కువ తిరిగిన కార్లన్నిటి మీద తీర్పు కాదు. ఇదే కారు పూర్తి కాగితాలతో, ఒక్క యజమాని చేతిలో రెండు లక్షల కిలోమీటర్లు తిరిగి ఉండి, మా ఊళ్ళో దాన్ని విప్పి బిగించగలవాడు ఒక్కడు ఉంటే, నా రెండు గదులు ఆకాశంలోనే ఉండిపోయేవేమో!

మామకు ఫోను చేసి చెప్పాను. సంతోషిస్తాడనుకుంటే, కాసేపు మాట్లాడలేదు. తరువాత, "ముసలిదైనా మంచి గిత్తరా అది. నిలబడిన తీరు సూస్తే తెలుస్తాది. మేపేవాడు దొరకల్ల, అంతే" అన్నాడు.

ఆ సాయంత్రం పని లేకపోయినా మిత్రుని అంగడి ముందు నుంచే ఇంటికి వచ్చాను. ఎర్ర కారు అక్కడే ఉంది. బండి ఆపలేదు.