లాంఛనం: వరాహం నుంచి పెళ్ళిపందిరి దాకా

నూజివీడు రసాల తోటలు దాటి తూర్పుకు వెళితే పెదవేగి. ఒకనాటి వేంగి. 'లాంఛనం' అన్న మాటను దాని అసలు అర్థంలో చూడాలంటే అక్కడి తూర్పు చాళుక్యుల రాగి శాసనాలు చూడాలి.

ఆ రేకులను గుచ్చిన కడియం మీద గుండ్రటి ముద్ర ఉంటుంది. పైన వరాహం, సూర్యచంద్రులు, అంకుశం, నడుమ 'శ్రీ త్రిభువనాంకుశ' అన్న అక్షరాలు, అడుగున పద్మం. అరచేతిలో ఇమిడే ఆ బిళ్లలో ఒక వంశమంతా ఉంది! వరాహం వారి లాంఛనం.

సంస్కృతంలో లాంఛనమంటే గుర్తు, మచ్చ. కుందేటి మచ్చ ఉన్నందుకే చంద్రుడు శశలాంఛనుడు. జైన తీర్థంకరులను పోల్చుకునేదీ లాంఛనంతోనే.

ఐరోపాలో ఇలాంటి వంశచిహ్నాలు చిత్రించడం ప్రత్యేక విద్య. 1885లో కన్నుమూసిన ఆన్సెల్మ్ బేకర్ దానిలో ఆరితేరినవాడు. ఇంగ్లండులోని మౌంట్ సెయింట్ బెర్నార్డ్ మఠంలో సిస్టర్షియన్ సన్యాసి. అన్నీ విడిచిన మనిషి ప్రభువుల డాళ్లకు రంగులద్దాడంటే ఆ కళ మీద ఎంత మక్కువో!

మన దగ్గర మాట రాజముద్ర దిగి ఇంట్లోకి వచ్చింది. గౌరవానికి గుర్తుగా ఇచ్చేదీ లాంఛనమే అయింది: ఆడపడుచు లాంఛనాలు, అధికార లాంఛనాలతో అంత్యక్రియలు. గుర్తు మాత్రమే మిగిలి పస లేకపోతే 'లాంఛనప్రాయం'. పెళ్ళివారు "లాంఛనాలు ముట్టాయా వదినా?" అని అడిగేటప్పుడు మాత్రం అది నిండైన మాటే.