జెంటూ: ఒకప్పుడు మనకున్న ఇంగ్లీషు పేరు

విద్యార్థులారా! పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో రైలు దిగి హిజ్లీ వైపు నడవండి. దారిలో ఎక్కడో ఒకచోట తెలుగు మాట చెవిన పడుతుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వర్క్‌షాపు పనులకూ, లైను పనులకూ శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వెళ్లిన కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. ఈస్ట్ కోస్ట్ రైలుమార్గంలోని ఉత్తర భాగం 1902లో ఆ రైల్వేలో కలిశాక ఈ ప్రయాణం ఇంకా తేలికైంది.

ఈ కుటుంబాల పూర్వీకులను 1800 ప్రాంతంలో మద్రాసులోని ఇంగ్లీషు దొర ఎవరైనా చూసి ఉంటే ఏమనేవాడో తెలుసా? 'జెంటూలు' అనేవాడు. వాళ్లు మాట్లాడేది జెంటూ భాష. ఇంతకీ ఆ మాట ఎక్కడిది?

1498లో మన పడమటి తీరానికి వచ్చిన పోర్చుగీసువాళ్లు ఇక్కడి ముస్లింలను 'మూర్లు' అన్నారు. హిందువులను 'జెంతియు' అన్నారు. తెలుగు బైబిలు చదివినవాళ్లకు 'అన్యజనులు' అనే మాట తెలుసు కదా, అదే దీని అర్థం. దీనికి మూలమైన లాటిన్ మాట 'గెంటిలిస్'. మొదట్లో దాని అర్థం 'ఒకే వంశంవాడు' అని. 'మనవాడు' అనే అర్థమున్న మాట మతం రంగు పులుముకుని చివరికి 'మనవాడు కానివాడు' అయింది! అదే మాట మరో దారిలో నడిచి 'జెంటిల్‌మన్'లో పెద్దమనిషిగా కూర్చుంది.

నేను సైన్సు చెప్పేవాణ్ణి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగకుండా ఉండలేను. లాటిన్‌లో వంశాన్ని 'గెన్స్' అంటారు. ఈ మాటా, సంస్కృతంలోని 'జన్' ధాతువూ ఒకే కుదురు నుంచి వచ్చాయి. జన్మ, జనం, జాతి ఆ ధాతువు పిల్లలే. 1909లో జొహాన్సెన్ అనే డెన్మార్కు శాస్త్రవేత్త 'జీన్' అనే మాట పుట్టించాడు. అది గ్రీకు బంధువు. దాన్ని మనం 'జన్యువు' అన్నాం. రెండూ దాయాదులే. జెంటూ కూడా ఆ కుటుంబంలోదే.

బెంగాల్లో ఇంగ్లీషువాళ్లు ఈ మాటను హిందువులందరికీ వాడారు. వారన్ హేస్టింగ్స్ పండితులచేత ధర్మశాస్త్ర సంగ్రహం ఒకటి రాయించాడు. దాన్ని పారశీకం నుంచి హాల్హెడ్ ఇంగ్లీషు చేయగా 1776లో 'జెంటూ చట్టాల స్మృతి' అనే పేరుతో అచ్చయింది. అందులో తెలుగువాళ్ల ప్రత్యేక ప్రస్తావన కోసం వెతికితే నిరాశే. హాల్హెడ్ ఈ మాటను సంస్కృత 'జంతు' శబ్దంతో ముడిపెట్టాడు. అది పొరపాటు. అయితే 'జంతు' కూడా 'జన్' ధాతువు నుంచి వచ్చిందే కనుక, పొరపాటున దూరపు చుట్టాన్నే పట్టుకున్నాడన్నమాట!

మద్రాసులో మాత్రం మాట కుంచించుకుపోయి తెలుగువారికే మిగిలింది. ఎందుకు? పోర్చుగీసువాళ్లు వచ్చేనాటికి దక్షిణాన చాలా భాగం విజయనగర పాలనలో ఉంది. వాళ్ల దృష్టిలో ఆ రాజ్యంవాళ్లే అసలు జెంతియులు. 1886లో వెలువడిన 'హాబ్సన్ జాబ్సన్' నిఘంటువు ఇచ్చే కారణం దాదాపు ఇదే. నాకూ ఇది సబబుగానే తోస్తుంది. 1639లో ఇంగ్లీషువాళ్లకు మద్రాసు స్థలం ఇచ్చిన దామెర్ల నాయకులు కూడా తెలుగువాళ్లేనని మరిచిపోకండి.

1816లో ఎ.డి. క్యాంప్‌బెల్ మద్రాసులో మన భాషకు ఇంగ్లీషులో వ్యాకరణం అచ్చువేశాడు. పుస్తకం పేరులోనే 'సాధారణంగా జెంటూ అని పిలిచే తెలుగు భాష' అని చెప్పుకోవాల్సి వచ్చింది. తెలుగు అంటే చాలామంది దొరలకు అర్థం కాదు మరి. ఆ పుస్తకంలోనే ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక వ్యాసం రాశాడు. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదనీ, తమిళ కన్నడాలతో కలిసి అది వేరే కుటుంబమనీ అందులో ఉదాహరణలతో చూపాడు. కాల్డ్వెల్ పుస్తకానికి అది 40 ఏళ్ల ముందు మాట. అంటే భాష అసలు వంశం బయటపడిన పుస్తకం అట్టమీదే పరాయి పేరు ఇంకా వేలాడుతోంది. మరుసటి ఏడు విలియం బ్రౌన్ తన వ్యాకరణానికి జెంటూ వ్యాకరణమనే పేరు పెట్టాడు. 1852 నాటి సి.పి. బ్రౌన్ నిఘంటువు మాత్రం తెలుగు నిఘంటువే.

ఇక బెంగాల్లో మన అసలు పేరుకు ఏం జరిగిందో చూడండి. మద్రాసు వైపు నుంచి కంపెనీ సిపాయిలు అక్కడికి వెళ్లారు. వాళ్లను చూసి, కవాతు నేర్చిన సిపాయి ఎవరైనా సరే 'తెలింగా' అన్నారు. పరాయి పేరు జెంటూ ఒక జాతికి అంటుకుంది. జాతి పేరు తెలింగా ఒక ఉద్యోగానికి అంటుకుంది.

హిజ్లీ పేరు కూడా ఇలా ప్రయాణం చేసిందే. 1687లో జాబ్ చార్నాక్ మొగలు సేనతో పోరాడిన హిజ్లీ సముద్రం దగ్గరి దీవి. అక్కడ జ్వరాలకు ఎందరో ఇంగ్లీషు సైనికులు పోయారు. మనం మొదట చెప్పుకున్న హిజ్లీ ఖరగ్‌పూర్ పక్కది. 1931 సెప్టెంబరు 16న అక్కడి నిర్బంధ శిబిరంలో పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా చనిపోయారు. 1951లో ఐఐటీ మొదలైంది ఆ భవనంలోనే. 1990లో అందులో నెహ్రూ సైన్సు మ్యూజియం వెలిసింది.

2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ముఖ్యంగా ఖరగ్‌పూర్ తెలుగువాళ్లకోసమే ఆ నిర్ణయం. అందులో భాష పేరు తెలుగే.

మరి జెంటూ ఏమైంది? ఈ రోజు ఇంటర్నెట్‌లో ఆ మాట వెతికితే ముందు ఒక పెంగ్విన్ కనిపిస్తుంది. తలమీద తెల్లని పట్టీ ఉంటుంది, అంటార్కిటికా వైపు మంచులో తిరుగుతుంది. దానికి ఆ పేరు ఎందుకొచ్చిందో పండితులు ఇంకా తేల్చలేదు. ఆ తెల్లపట్టీ తలపాగాలా కనబడిందని కొందరి ఊహ. దాని శాస్త్రీయ నామంలో 'పపువా' అని ఉంటుంది. ఆ పపువాలో మాత్రం పెంగ్విన్లే లేవు!